రాజులు కొన్నది మా కాలాన్ని: చేనేత అధికారులకు, చీరల వ్యాపారులకు బహిరంగ లేఖ

చేనేత వ్యవహారాలు చూస్తున్న అధికారులకు, పట్టుచీరల వ్యాపారం చేస్తున్న పెద్దలకు నమస్కారం.

మేము ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే ఈ ఉత్తరాన్ని నలుగురూ చదివేలా రాస్తున్నాను. ప్రింటు చీరను, దారానికే ముందు రంగువేసి మగ్గం మీద నేసే పోచంపల్లి ఇక్కత్ అని చెప్పి అమ్ముతుంటే, అదే చీర డబ్బు పెట్టి కొని, బిల్లుతో సహా ఒక కార్యాలయానికి పట్టుకెళ్లాం. ఇది మా పరిధిలోకి రాదన్నారు. ఎవరి పరిధిలోకి వస్తుందో అడిగి అక్కడికీ వెళ్లాం. వాళ్లు చీర తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. తర్వాత ఎప్పుడు అడిగినా ఫైలు పైకి పంపామన్న మాట తప్ప ఇంకేమీ వినలేదు. ఈలోగా అదే డిజైన్ ఇంకో నాలుగు రంగుల్లో మార్కెట్లోకి వచ్చింది.

మాది యాదాద్రి భువనగిరి జిల్లా. చిటికి కట్టే, అంటే రంగు అంటకూడని చోట దారానికి కట్లు బిగించే ఇంట్లో పుట్టాను, పెళ్లై వచ్చింది కూడా మగ్గం ఉన్న ఇంటికే. ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. మీ శాఖలో మగ్గం సంగతి తెలిసిన అధికారులు ఉన్నారు, నేతగాడికి న్యాయమైన ధర ఇచ్చే షాపులవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ లేఖలో చాలా విషయాలు కొత్తవి కావు.

ముందు ఒక సంగతి మాట్లాడుకోవాలి. ఈ మధ్య చీరల పెట్టెల మీద, ప్రకటనల్లో 'రాజసం', 'నవాబుల నాటి నేత', 'రాణివాసపు ఇక్కత్' లాంటి మాటలు బాగా కనిపిస్తున్నాయి. ఇందులో అబద్ధం లేదు. నిజాం కుటుంబపు ఆడవాళ్లు నూనెలో నానబెట్టిన దారంతో నేసే తేలియా దుపట్టాలు కప్పుకున్నారు. ఒక్క హైదరాబాదులోనే కాదు, ఇక్కత్ నేసిన చోటల్లా దానికి గొప్పింటి వాసన ఉంది. గుజరాత్‌లో నేసే పటోలా అనే పట్టు ఇక్కత్‌లను డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల మీద తీసుకెళ్లి ఇండోనేసియా దీవుల్లోని రాజులకు కానుకలుగా ఇచ్చి వ్యాపారం చేసుకునేది. ఆ పటోలా చూసి అక్కడివాళ్లు తమ నూలు బట్టల మీద అవే పూలు కట్టారు. సుంబా దీవిలో ఆ నమూనా పెద్దింటివాళ్లకే చెందేది, మామూలు మనిషి కప్పుకోవడానికి లేదు. 19వ శతాబ్దంలో మధ్య ఆసియాలోని బుఖారాను ఏలిన అమీర్లు తమ కొలువులో గౌరవించదలచిన వాళ్లకు ఇక్కత్ పట్టు అంగీలు కప్పేవారు. ఎవరికి ఎలాంటి అంగీ ఇచ్చారన్నదాన్ని బట్టి వాళ్ల హోదా ఏమిటో ఊరంతటికీ తెలిసేది.

ఇంత దూరదూరంగా ఉన్న రాజ్యాల్లో, ఒకరి ముఖం ఒకరు చూడని రాజులంతా ఇదే గుడ్డను ఎందుకు కోరుకున్నారు? రంగు కోసమైతే అద్దకం చాలు. జరీ కోసమైతే మామూలు నేత చాలు. ఇక్కత్‌లో ఉన్నది వేరు. ఇందులో బొమ్మ గుడ్డ మీద పడదు, గుడ్డ పుట్టక ముందే దారం మీద పడుతుంది. ఆ పని ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను.

గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీస్తారు. పేక దారాన్ని, అంటే గుడ్డలో అడ్డంగా పోయే దారాన్ని, ఆసు మీద పోస్తారు. ఆసు అంటే ఒక వైపు ఒకే మేకు, ఎదురుగా విల్లులా వంగిన చెక్క మీద వరుసగా మేకులు ఉండే చట్రం. చేత్తో దారం పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి, ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక ఎందరో తల్లుల భుజాలు బతికాయి. కానీ చిటికి కట్టడానికి ఇప్పటికీ వేళ్లే దిక్కు. ఆసు మీది దారాల గుంపుకు పెన్సిలుతో గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సన్నగా కోసిన సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి చుడతాం. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్లీ రెండో రంగు. మూడు రంగులుంటే మూడు విడతలు. కట్టు కాస్త వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఒక గుర్తు పక్కకు జరిగితే ఏనుగు కాలు ఏనుగుకు అతకదు. నేసేటప్పుడు చూసుకుందాం అనడానికి లేదు. డబుల్ ఇక్కత్‌లో నిలువు దారమైన పడుగుకూ పేకకూ రెండింటికీ ఇలాగే కట్టి, మగ్గం మీద ఒక్కో పోగునూ దాని చోటికి సర్దుకుంటూ నేయాలి.

తేలియా రుమాలుకు ఇంకో పని అదనం. దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద తేటలో రోజుల తరబడి నానబెట్టడం, పిసకడం, ఎండబెట్టడం, మళ్లీ నానబెట్టడం. ఒక్క దారం తయారీకే రెండు మూడు వారాలు పడుతుంది. అప్పుడే ఎరుపూ నలుపూ ఆ లోతుతో పడతాయి, ఉతికినకొద్దీ మెత్తబడతాయి. చీరాలలో పుట్టి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికా తీరానికి ఓడలెక్కిన రుమాలు ఇది. అక్కడివాళ్లకు ఎండలో తలకు చల్లగా ఉండేది. ఇక్కడ చేపలు పట్టేవాళ్లు నడుముకు చుట్టుకున్నారు, పశువుల కాపరులు తలకు కట్టుకున్నారు, నిజాం ఇంటి ఆడవాళ్లు భుజాన వేసుకున్నారు. రాణి ఒంటి మీదా బెస్తవాడి ఒంటి మీదా ఉన్న గుడ్డ ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

కాబట్టి రాజులు డబ్బిచ్చి కొన్నది మా కాలాన్ని. ఒక మనిషి నెలల తరబడి వేరే పని పెట్టుకోకుండా కూర్చుంటేనే అయ్యే గుడ్డను ఒంటి మీద వేసుకోవడం అంటే, అంత కాలాన్ని కొనగలనని నలుగురికీ చూపించడం. దానికే హోదా. ఇప్పుడు మీరు ఆ హోదాను పెట్టె మీద అచ్చువేసి అమ్ముతున్నారు. మా కాలానికి మాత్రం లెక్క కట్టడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిజాం కాలం అనగానే మా పాత తరం వాళ్లకు గుర్తుకొచ్చేది రాజసం ఒక్కటే కాదు. ఈ నల్లగొండ నేల మీద జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల కింద అన్ని వృత్తులవాళ్లూ వెట్టి చేశారు. సాలెవాళ్లు దొర గడీకి ఊరికే బట్టలు నేసి ఇవ్వాల్సి వచ్చేది. 1946 నుంచి ఇక్కడ జరిగిన సాయుధ పోరాటంలో ఆ వెట్టి మీద కడుపుమంట ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలోనే వినోబా భావేకు 100 ఎకరాలు దానమిచ్చి భూదానం మొదలైంది. భూదాన్ పోచంపల్లి అని ఆ పేరు ఇంకా మా ఊరి ముందు ఉంది. చీర కవరు మీద 'నవాబీ' అని రాసేవాళ్లు ఈ చరిత్ర కూడా తెలుసుకోవాలి. దర్బారు మెచ్చుకున్నది నిజమే. ఆ మెప్పు నేసినవాడి ఇంటి దాకా రాలేదన్నదీ అంతే నిజం. ఆ పాత తప్పు మళ్లీ జరగకూడదనే నేను అడుగుతున్నాను.

ఇప్పుడు మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. దారమిచ్చి మజూరికి నేయించే మాస్టర్ వీవర్ కొత్త డిజైన్ వేసి, మొదటి చీరలు షాపుకు పంపిన కొద్ది రోజులకే ఎవరో ఫొటో తీసి మిల్లు గుడ్డ మీద ప్రింటు కొట్టిస్తున్నారు. డిజైన్ వేయడానికి, చిటికి కట్టి చూసుకోవడానికి పెట్టిన ఖర్చు ఇంకా తిరిగి రాకముందే ప్రింటు బజారులో ఉంటుంది. మా చీర షాపులో ఆగిపోతుంది. అది ఆగితే మాస్టర్ వీవర్ పడుగు ఇవ్వడు. పడుగు లేకపోతే మగ్గం ఖాళీ, మజూరి లేదు. దెబ్బ పడే వరుస ఇది. షాపువాడికి ఒక్క రకం అమ్ముడుపోకపోతే ఇంకో రకం ఉంటుంది. మగ్గానికి ఒక పడుగే ఉంటుంది. 2019-20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే. ఆ లెక్కలో ఉన్నవాళ్లకు ఒక నెల పడుగు రాకపోవడం అంటే కిరాణా కొట్టులో ఖాతా పెరగడం, పిల్లల ఫీజు ఆగడం, మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకుని అతనికే కట్టుబడి ఉండిపోవడం.

2. ఆడవాళ్ల పనికి పేరే లేదు. అదే గణనలో 35.22 లక్షల మంది చేనేత పనివాళ్లు ఉంటే, వాళ్లలో 25 లక్షలకు పైగా ఆడవాళ్లే. మా ఇళ్లలో ఆసు పోసేది, కండెలు చుట్టేది, చిటికి కట్టేది, కట్లు విప్పేది ఎక్కువగా మేమే. మజూరి మాత్రం చీరకు ఇంత అని మగ్గం మీద కూర్చున్నాయన చేతికి వస్తుంది. అందులో చిటికికి ఎంత, ఆసుకు ఎంత అని ఎవరూ విడదీయరు. నేను ఇది మా ఇంటి మగవాళ్ల మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు, వాళ్లకూ వచ్చేది తక్కువే. లెక్కలోనే లేని పనికి ధర పెరగదు, అదీ నా బాధ. నలభై దాటేసరికి చాలామందికి దగ్గరి చూపు తగ్గి గ్రాఫ్ గళ్లు ఆనవు. అప్పటికి ఇంకో పని నేర్చుకునే వయసు పోతుంది. చిటికి కట్టిన ఏళ్లన్నీ ఏ కాగితం మీదా ఉండవు.

3. కొనేవాళ్లూ మోసపోతున్నారు. కూతురి పెళ్లికని అప్పుచేసి, అసలు పోచంపల్లి పట్టు అనుకుని వేల రూపాయలు పెట్టినవాళ్లు ఇంటికెళ్లి చీర వెనక్కి తిప్పి చూస్తే రంగు వెలిసినట్టు ఉంటుంది. ఇక్కత్‌లో రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా కనిపించాలి. బొమ్మ అంచులు కత్తిరించినట్టు ఉండవు, కాస్త నీళ్లు పాకినట్టు ఉంటాయి. ప్రింటులో అంచు గీత గీసినట్టు వస్తుంది. ఇంకా తెలివిగా అంచు పాకినట్టు కూడా ప్రింటు కొడుతున్నారు. చీర కొంగు చివర ఒక పోగు లాగి చూడండి. ఇక్కత్ అయితే ఆ ఒక్క పోగు మీదే రంగులు విడివిడిగా, పోగు లోపలి దాకా కనిపిస్తాయి. ఒకసారి మోసపోయిన మనిషి తర్వాత మా ఇంటికి వచ్చి నిజమైన చీర చూసినా నమ్మడు, సగం ధరకు అడుగుతాడు. ఆ మోసం ఖర్చు కూడా చివరికి మేమే కడుతున్నాం.

4. మా పిల్లలు మగ్గం ఎక్కడం లేదు. హైదరాబాదు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. డెలివరీ పనికి వెళ్లినా, అపార్ట్‌మెంటులో కాపలా పనికి వెళ్లినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది. వెళ్లొద్దని నేను ఏ బిడ్డకూ చెప్పలేను. కానీ డబుల్ ఇక్కత్ వీడియో చూసి నేర్చుకునేది కాదు. కట్టు ఎంత బిగించాలో, తడి దారం ఆరాక ఎంత కుంచించుకుంటుందో పక్కన కూర్చుని చెయ్యి చూసి నేర్చుకోవాలి. తేలియా దారం తయారుచేసే ఇళ్లు పుట్టపాక చుట్టుపక్కల కొద్దిగానే మిగిలాయి. పుట్టపాక నుంచే గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి. మా అందరికీ అది గర్వం. ఒక చిన్న ఊరికి ఇద్దరు పద్మశ్రీలు ఉన్నా, అదే పని నేర్చుకోవడానికి పిల్లలు రాకపోతే లోపం పిల్లల్లో ఉందనుకోవాలా?

5. మా తాతల గుడ్డలు మా దగ్గర లేవు. పాత తేలియా రుమాళ్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల ఉన్నాయి. వాటిని దగ్గరగా చూడగలిగేది పరిశోధకులు, డిజైనర్లు. ఆ నమూనాలు తీసి కొత్త కలెక్షన్ అని వేసినప్పుడు, అవి మా ఊరివని మాకే తెలియడం లేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టలను చేనేత మగ్గం మీదే నేయాలని చెబుతుంది. మొదట 22 రకాలు ఉండేవి, తర్వాత 11కు తగ్గించారు. చీర ఆ 11లో ఉంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, మగ్గానికి 5,000 రూపాయల వరకు జరిమానా అని 1985లో రాసుకున్నారు. పవర్‌లూమ్ షెడ్డు నడిపేవాడికి 5,000 ఒక లెక్కా? పైగా ఆ చట్టం మగ్గాన్ని చూస్తుంది. మిల్లు గుడ్డ మీద ఇక్కత్ బొమ్మ ప్రింటు కొట్టేవాడు తాను అసలు చీర నేయలేదు కదా అంటాడు. అక్కడ అధికారి చేతులెత్తేస్తాడు.

ఒక ఊరి సరుకుకు ఆ ఊరి పేరును కాపాడే జీఐ (భౌగోళిక గుర్తింపు) చట్టం దీనికంటే గట్టిది. తప్పుడు పేరుతో అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. 1999 చట్టం 2003లో అమల్లోకి వస్తే, తొలి రోజుల్లోనే గుర్తింపు తెచ్చుకున్నవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఇక్కత్ అన్న పేరు ఎవరి సొంతమూ కాదు, ఒడిశావాళ్లూ నేస్తారు, గుజరాత్‌వాళ్లూ నేస్తారు. పోచంపల్లి అన్న పేరు పెట్టి అమ్మితేనే చట్టం వర్తిస్తుంది. అందుకే తెలివైన వ్యాపారి బిల్లు మీద 'ఇక్కత్ ప్రింట్' అని రాసి, నోటితో 'పోచంపల్లి' అంటాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. జీఐ వచ్చినంత మాత్రాన ప్రతి నేతగాడికీ హక్కు చేతికి రాదు. ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుగా విడివిడిగా నమోదు చేసుకోవాలి. ఆ సంగతి తెలిసిన నేతగాళ్లు మా ఊళ్లలో ఎంతమంది ఉన్నారో అధికారులు ఒకసారి వచ్చి అడిగితే తెలుస్తుంది. 2006లో చేనేత మార్కు, 2015లో ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ వచ్చాయి. మంచివే. కానీ కొనేవాళ్లలో చాలామందికి ఆ లేబుల్ ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ప్రింటు చీరలు ఆపేయమని నేను అడగడం లేదు. తక్కువ డబ్బుతో అందమైన చీర కట్టుకోవాలని ఎవరికి ఉండదు? మేమూ కట్టుకుంటాం. ప్రింటును ప్రింటు అని చెప్పి అమ్మండి. అంతకు మించి అడగడం లేదు.

మా కోర్కెలు ఇవి.

1. నకిలీ ఇక్కత్ మీద ఫిర్యాదు తీసుకోవడానికి ఒకే చోటు పెట్టండి. ఫిర్యాదు ఇచ్చినరోజే రసీదు ఇవ్వాలి, శాంపిల్ తీసుకుంటే దాని మీద నంబరు వేయాలి, ఏం తేలిందో గడువులోగా రాతపూర్వకంగా చెప్పాలి. పరిధి ఎవరిదో తేల్చుకునే పని మీ శాఖలది, అర్జీదారుడిది కాదు. ఒక్క షాపు మీద జీఐ చట్టం కింద కేసు పెట్టి, ఆ సంగతి పేపర్లో వచ్చేలా చేస్తే మిగతా షాపులు వాటంతటవే సర్దుకుంటాయని మా నమ్మకం.

2. ఇక్కత్ నమూనా ఉన్న ప్రతి ప్రింటు చీర ట్యాగు మీద, బిల్లు మీద 'ఇది ప్రింటు, చేనేత కాదు' అని తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో రాయించండి. చీరల అంగళ్ల సంఘాలు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. మీరే నిర్ణయం తీసుకుని రేపటి నుంచి మొదలుపెట్టొచ్చు.

3. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం, చౌటుప్పల్ లాంటి ఊళ్లలో శిబిరాలు పెట్టి నేతగాళ్లను జీఐ అధీకృత వినియోగదారులుగా నమోదు చేయండి. ఫీజు ప్రభుత్వమే కట్టాలి. ఫారాలు తెలుగులో ఉండాలి. చిటికి కట్టేవాళ్లనూ, ఆసు పోసేవాళ్లనూ వదిలేయొద్దు.

4. మజూరిని విడదీయండి. ఆసు, చిటికి, అద్దకం, నేత, దేనికెంతో సహకార సంఘాలూ మాస్టర్ వీవర్లూ షాపులూ కూర్చుని తేల్చాలి. సింగిల్ ఇక్కత్‌కు, డబుల్ ఇక్కత్‌కు, తేలియాకు వేర్వేరు రేట్లు కావాలి. రంగుల విడతలు పెరిగితే రేటు పెరగాలి. చిటికి డబ్బు చిటికి కట్టిన మనిషి ఖాతాలోనే పడాలి. గుర్తింపు కార్డులు, బీమా, పొదుపు పథకాల్లో ఆ ఆడవాళ్లను సొంత పేరుతో, పనివాళ్లుగానే చేర్చాలి. 2017లో పోచంపల్లిలో నేతన్నకు చేయూత అనే పొదుపు పథకం మొదలుపెట్టినప్పుడు మాకు చాలా ఆశ కలిగింది. అలాంటి పథకాలు ఏ ప్రభుత్వం ఉన్నా ఆగకుండా నడవాలి.

5. షాపుల పెద్దలకు: సరుకు తీసుకుని నెలల తరబడి ఉద్దెర పెట్టకండి. మీరు ఆపిన డబ్బు కోసం మాస్టర్ వీవర్ వడ్డీకి తెస్తాడు, ఆ వడ్డీ మా మజూరిలోంచి పోతుంది. చీర ట్యాగు మీద 'రాజసం' రాయడానికి చోటుంది కాబట్టి నేసినవాళ్ల పేరు, చిటికి కట్టినవాళ్ల పేరు, ఊరు పేరు రాయడానికీ చోటు దొరుకుతుంది. పట్టిన రోజులు కూడా రాయండి. ధర ఎందుకు అంతో కొనేవాళ్లకు మీరు చెప్పే పని తప్పుతుంది.

6. ప్రభుత్వం చేసే సన్మానాలు. బుఖారా అమీరు అంగీ కప్పినట్టే మన దగ్గరా సభల్లో శాలువా కప్పుతాం. గౌరవించడానికి గుడ్డ కప్పడం అనే ఆ పాత అలవాటు మనకింకా ఉంది. కానీ కప్పే శాలువాల్లో ఎక్కువ భాగం మిల్లువి, ఇంటికి తీసుకెళ్లినవాళ్లు బీరువాలో పడేసేవి. ప్రభుత్వ సభల్లో, విశ్వవిద్యాలయాల్లో, అతిథులకిచ్చే కానుకల్లో చేనేతే వాడాలని ఉత్తర్వు ఇవ్వండి. ఇక్కత్ కండువాలు, తేలియా రుమాళ్లు నేతగాళ్ల నుంచి నేరుగా, ఏడాది పొడవునా కొనండి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాడు ఒక్కరోజు కొంటే మిగతా రోజులు మగ్గం ఏం నేయాలి? ఏటా ఇన్ని రుమాళ్లు కావాలని ముందే చెబితే, తేలియా నేర్చుకునే పిల్లాడికి పని దొరుకుతుందన్న భరోసా ఉంటుంది. నేర్చుకున్నన్నాళ్లు స్టైపెండ్, నేర్పిన పెద్దలకు గౌరవ వేతనం ఇవ్వాలి.

7. దేశవిదేశాల మ్యూజియాల్లో ఉన్న మా రుమాళ్ల, దుపట్టాల ఫొటోలు, పోగులు లెక్కపెట్టుకోగలిగినంత స్పష్టంగా తెప్పించి పుట్టపాకలో, పోచంపల్లిలో, చీరాలలో అందరికీ అందుబాటులో పెట్టండి. దీనికి పెద్ద ఖర్చు కాదు. ఒక ఉత్తరం రాయాలి, వెంటపడాలి.

8. కేంద్రానికి: 2020లో రద్దు చేసిన అఖిల భారత చేనేత బోర్డును మళ్లీ పెట్టండి. అందులో నేతగాళ్లు కూర్చుని మాట్లాడే వీలుండేది. దాని చోట ఇంకేం పెట్టినా ఆ సీట్లు ఉండాలి, వాటిలో కొన్ని ఆడవాళ్లకు దక్కాలి.

ఇందులో మొదటి మూడూ వెంటనే చేయగలిగినవి. కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నాలుగోదానికి సమయం పడుతుందని మాకు తెలుసు. కూర్చుని మాట్లాడటానికి మేము సిద్ధం. మా వైపు నుంచి చిటికి కట్టే ఆడవాళ్లు కూడా వస్తారు, ఒక్కో పనికి ఎంతసేపు పడుతుందో ఆసు ముందు కూర్చుని మీ కళ్ల ముందే చూపిస్తారు. గడియారం మీరే పట్టుకోండి.

ఈ లేఖకు జవాబు రాతపూర్వకంగా కావాలి. ఎవరు జవాబుదారీయో ఆ అధికారి హోదా, ఏ కోర్కె మీద ఎప్పటిలోగా ఏం చేస్తారో తేదీ, రెండూ అందులో ఉండాలి. కాదనదలిస్తే కాదని, ఎందుకు కాదో రాయండి. మా దగ్గర తీసుకున్న చీర శాంపిల్ ఎక్కడ ఉందో కూడా అందులోనే చెప్పండి.

ఇట్లు,
యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన ఒక చిటికి పనివారు